ఆందోళన రుగ్మతకు మందులు వాడటం ఎలా: చీటీ అందుకున్న రోజు నుంచి మాత్ర మానే రోజు వరకు

ఆందోళన రుగ్మతకు రాసే మందుల్లో ప్రధానంగా రెండు తరగతులు ఉన్నాయి. ఒక తరగతి వారాల తరబడి నిదానంగా పనిచేసి జబ్బును అదుపులోకి తెస్తుంది. రెండో తరగతి అరగంట, గంటలోనే గుండె దడను, వణుకును తగ్గించి నిద్ర పట్టిస్తుంది, కానీ అసలు జబ్బు మాత్రం అలాగే ఉండిపోతుంది. మన దగ్గర జరిగే పొరపాట్లలో చాలా భాగం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చేవే. నెలల పాటు వాడవలసిన దానిని పది రోజులకే మానేస్తారు, కొద్ది వారాలకు ముగించవలసిన దానిని ఏళ్ల తరబడి మింగుతుంటారు. అందుచేత మీ చేతిలో ఉన్న మాత్ర ఏ తరగతికి చెందినదో ముందుగా తెలుసుకోవాలి, కింద చెప్పే ప్రతి జాగ్రత్తా దాని మీదనే ఆధారపడి ఉంటుంది. ఇక్కడ పేర్కొన్న మోతాదులు అవగాహన కోసమే. మీ మోతాదును నిర్ణయించవలసినది మిమ్మల్ని స్వయంగా పరీక్షించిన వైద్యులే.

డాక్టరును కలిసే ముందు

గుండె దడ, ఊపిరి ఆడనట్లు ఉండటం, చేతులు చల్లబడటం, ఇప్పుడే ఏదో అయిపోతుందన్న భయం, ఇలాంటి లక్షణాలతో హైదరాబాద్‌లో చాలామంది మొదట వెళ్లేది గుండె డాక్టరు దగ్గరికే. అందులో తప్పేమీ లేదు, ఎందుకంటే గుండె జబ్బు లేదని ఒకసారి తేల్చుకోవడం అవసరమే. దానితో పాటు థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు కూడా చేయించుకొని ఆ కాగితాలు దగ్గర పెట్టుకోండి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తున్నప్పుడు కూడా అచ్చంగా ఇవే లక్షణాలు కనిపిస్తాయి, అప్పుడు ఇవ్వవలసిన మందు వేరు.

ఆ తరువాత ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి. లక్షణాలు ఎప్పటి నుంచి ఉన్నాయి, ఏ సందర్భంలో ఎక్కువవుతున్నాయి, వాటి వల్ల మీరు ఏ పనులు మానుకున్నారు అన్నది మొదటిది. మెట్రో ఎక్కడం మానేశాను, ఆఫీసు మీటింగుల్లో మాట్లాడలేకపోతున్నాను, ఇంట్లో ఒంటరిగా ఉండలేకపోతున్నాను అనేంత స్పష్టంగా రాస్తే వైద్యులకు చాలా సహాయపడుతుంది. రెండోది, మీరు ఇప్పుడు వాడుతున్న అన్ని మందుల జాబితా. ఇందులో ఉబ్బసం ఇన్‌హేలరు, థైరాయిడ్ మాత్ర, నొప్పి మాత్రలతో పాటు ఆయుర్వేద చూర్ణాలు, యునానీ మందులు కూడా ఉండాలి. అవి మందుల లెక్కలోకి రావనుకొని చెప్పకుండా ఉండేవారు ఎందరో ఉన్నారు. మూడోది, మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మానసిక వ్యాధి ఉందా, మీకు ఎప్పుడైనా కొన్ని రోజుల పాటు నిద్ర అవసరం లేనంత ఉత్సాహం, అతి మాటలు, అదుపు లేని ఖర్చు వంటివి కనిపించాయా అన్నది. ఈ చివరి ప్రశ్న ఎంతో ముఖ్యమైనది. ఇలాంటి ఉద్రేకం, కుంగుబాటు మారి మారి వచ్చే బైపోలార్ వ్యాధి ఉన్నవారికి ఆందోళన తగ్గించే కొన్ని మందులను విడిగా ఇస్తే ఆ ఉద్రేకం తిరగబెట్టవచ్చు.

రోజుకు ఎన్ని చాయ్‌లు తాగుతారో కూడా చెప్పండి. ఆరేడు కప్పుల ఇరానీ చాయ్ తాగేవారికి ఆ కెఫీన్ ఒక్కటే దడను, నిద్రలేమిని పెంచగలదు.

కల్లు, మద్యం సంగతి దాచవద్దు

ఈ విషయం తెలంగాణలో ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. కల్తీ కల్లులో మత్తు కోసం అల్ప్రజోలమ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతున్నట్లు ఏళ్లుగా కేసులు బయటపడుతూనే ఉన్నాయి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించడం నగరమంతటినీ కలచివేసింది. అల్ప్రజోలమ్ అన్నది ఆందోళనకు రాసే మాత్రే. కాబట్టి రోజూ దుకాణం కల్లు తాగే మనిషి తనకు తెలియకుండానే, ఎంత మోతాదో ఎవరికీ తెలియని ఒక మందును రోజూ తీసుకుంటున్నట్లే లెక్క.

అలాంటి వ్యక్తికి ఒకటి రెండు రోజులు కల్లు అందకపోతే వణుకు, చెమటలు, తీవ్రమైన గాభరా, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. చూసేవారికి అది ఆందోళన రుగ్మతగానో, పిచ్చిగానో కనిపించవచ్చు, కానీ అది మత్తు మందు ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వచ్చిన స్థితి, దానికి ఆసుపత్రిలో ఉంచి చికిత్స చేయాలి. మీ ఇంట్లో పెద్దవారెవరికైనా ఇలా జరిగితే, వారు తాగే సంగతి డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడవద్దు. మద్యం విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. చికిత్స చేసేవారికి ఆ ఒక్క విషయం తెలియకపోతే, మంచి మందు కూడా ప్రమాదకరం కావచ్చు.

ఎక్కడికి వెళ్లాలి

మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే మానసిక వైద్యంలో పీజీ చదివిన డాక్టరు. సైకాలజిస్టు కౌన్సెలింగు, చికిత్సా సంభాషణలు చేస్తారు గాని మందులు రాయరు. ప్రభుత్వ వైద్యం కావాలనుకుంటే ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం ఉంది, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ఎర్రగడ్డ అన్న పేరు వినగానే వెనకడుగు వేసేవారున్నారు. అక్కడి ఓపీకి నిద్ర పట్టనివారు, దడతో బాధపడేవారు, మామూలుగా ఉద్యోగాలు చేసుకునేవారు ఎందరో వస్తారని గ్రహిస్తే ఆ జంకు తగ్గుతుంది. వెళ్లడానికి ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవకు, 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పెళ్లి సంబంధాలకో, ఉద్యోగానికో అడ్డు వస్తుందన్న భయంతో ఆగిపోకండి. మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచడం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకిచ్చిన హక్కు.

చీటీని, మాత్రల స్ట్రిప్పును చదవడం

మందుల షాపులో డబ్బు చెల్లించే ముందే స్ట్రిప్పును వెనక్కి తిప్పి చూడండి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కిందనో, వెనకనో సన్నని అక్షరాల్లో అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. మీరు రాసుకోవలసినది ఆ సన్నని అక్షరాల్లో ఉన్నదే. చదవడం కష్టమైతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకొని చూడండి.

ఎసిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, పారోక్సెటిన్, ఫ్లూఒక్సెటిన్, వెన్లాఫాక్సిన్, డ్యులోక్సెటిన్ అన్నవి నిదానంగా పనిచేసే తరగతికి చెందినవి. అల్ప్రజోలమ్, క్లోనజెపామ్, లోరజెపామ్, డయాజెపామ్, ఎటిజోలమ్ అన్నవి త్వరగా పనిచేసేవి, అలవాటు పడే గుణం ఉన్నవి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దీనిని నేను చాలా ముఖ్యమైనదిగా భావిస్తాను. మన దేశంలో ఈ రెండు తరగతులనూ ఒకే మాత్రలో కలిపి అమ్ముతారు. ఎసిటాలోప్రామ్ 10 మి.గ్రా., క్లోనజెపామ్ 0.5 మి.గ్రా. కలిసిన మాత్ర ఇందుకు అందరికీ పరిచయమైన ఉదాహరణ. గుండె దడను తగ్గించే ప్రోప్రనలాల్‌తో ఎటిజోలమ్ కలిపినవి కూడా ఉన్నాయి. ఇలాంటి మాత్ర వేసుకునే మనిషి తాను ఒకటే మందు వాడుతున్నానని అనుకుంటారు. మొదటి రోజే హాయిగా నిద్ర పట్టడం చూసి మందు బాగా పనిచేస్తోందని సంతోషిస్తారు, కానీ ఆ హాయి క్లోనజెపామ్‌ది. నెలల తరువాత ఎసిటాలోప్రామ్‌ను కొనసాగిస్తూ క్లోనజెపామ్‌ను మాత్రమే తగ్గించవలసి వచ్చినప్పుడు, రెండూ ఒకే మాత్రలో ఉండటం వల్ల అది వీలుపడదు. అందుచేత మీ స్ట్రిప్పు మీద రెండు పేర్లు కనిపిస్తే, తరువాతి సారి వెళ్లినప్పుడు ఈ రెండింటినీ విడివిడి మాత్రలుగా రాయగలరా అని డాక్టరును మర్యాదగా అడగండి. అడగడం మీ హక్కు, చాలామంది వైద్యులు సంతోషంగా ఒప్పుకుంటారు. అంతవరకు మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు.

అసలు మందు పేరు తెలిసి ఉంటే మరో ప్రయోజనం కూడా ఉంది. జన ఔషధి కేంద్రంలో ఆ పేరుతో అడిగితే అదే మందు తక్కువ ధరకు దొరకవచ్చు. నెలల పాటు వాడవలసిన మందుకు ఇది చిన్న విషయమేమీ కాదు.

నిదానంగా పనిచేసే మందు: మొదటి ఆరు వారాలు

ఈ మందును సాధారణంగా తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. ఎసిటాలోప్రామ్ అయితే 5 లేదా 10 మి.గ్రా., సెర్ట్రాలిన్ అయితే 25 లేదా 50 మి.గ్రా. పానిక్ అటాక్‌లు (ఉన్నట్టుండి ముంచెత్తే తీవ్రమైన భయం, దడ) వచ్చేవారికి మరింత తక్కువతో మొదలుపెట్టడం మంచిదని చెప్పడానికి కారణం ఉంది. మొదటి వారంలో ఈ మందే కొందరిలో కంగారును కాస్త పెంచుతుంది. కడుపులో వికారం, తలనొప్పి, విరేచనాలు, నిద్ర తేడా, కాళ్లూ చేతులూ నిలకడగా ఉండనట్లు అనిపించడం కూడా ఈ రోజుల్లోనే కనిపిస్తాయి. దుష్ఫలితాలు మొదటి రోజుల్లోనే వస్తాయి, ప్రయోజనం మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకు గాని మొదలుకాదు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. ఈ మధ్య కాలంలోనే చాలామంది, ఈ మందు నాకు పడలేదని మానేస్తారు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఆ మొదటి వారాలను దాటడం చాలా తేలికవుతుంది.

మాత్రను అన్నమో, టిఫినో తిన్న తరువాత వేసుకుంటే వికారం తగ్గుతుంది. నిద్ర పట్టకపోతే ఉదయానికి, మగతగా ఉంటే రాత్రికి మార్చడం గురించి డాక్టరును అడగండి. ఒక నోటు పుస్తకంలో ప్రతి రాత్రి తేదీ వేసి, ఆ రోజు ఆందోళన పదికి ఎంత ఉందో, నిద్ర ఎన్ని గంటలు పట్టిందో రెండు అంకెలు రాయండి. మెరుగుదల రోజు రోజుకీ కంటికి కనిపించేంతగా రాదు, మూడో వారపు అంకెలను మొదటి వారపు అంకెలతో పోల్చి చూసినప్పుడే అది తెలుస్తుంది. ఒక పూట మరచిపోతే గుర్తుకు రాగానే వేసుకోండి, కానీ తరువాతి మాత్ర సమయం దగ్గరపడితే దానిని వదిలేయండి. రెండు మాత్రలు కలిపి ఎప్పుడూ వేసుకోకూడదు.

ఇరవై అయిదేళ్ల లోపువారి విషయంలో అదనపు జాగ్రత్త అవసరం. ఈ వయసువారిలో కొందరికి మందు మొదలుపెట్టినప్పుడు, మోతాదు మార్చినప్పుడు చనిపోవాలన్న ఆలోచనలు రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పిల్లలు, కౌమారుల విషయంలో 2004 నుంచి, ఇరవై నాలుగేళ్ల వరకు వయసున్న యువత విషయంలో 2007 నుంచి హెచ్చరిస్తోంది. అమీర్‌పేట, అశోక్‌నగర్ హాస్టళ్లలో ఇంటికి దూరంగా ఉండి చదువుకుంటున్నవారు మందు మొదలుపెట్టిన సంగతి కనీసం ఒక్క రూమ్మేటుకైనా, ఇంట్లో ఒక్కరికైనా తప్పక చెప్పండి. అలాంటి ఆలోచన వచ్చిన వెంటనే డాక్టరును సంప్రదించండి, వారు దొరకకపోతే 14416కు ఫోన్ చేయండి, ప్రాణాపాయమనిపిస్తే 108కి ఫోన్ చేయండి లేదా దగ్గరలోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

అరవై దాటినవారిలో ఈ మందుల వల్ల రక్తంలో సోడియం తగ్గవచ్చు, ముఖ్యంగా బీపీకి నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) వాడుతున్నవారిలో. తాతగారో, అమ్మమ్మగారో మందు మొదలుపెట్టిన తరువాత అయోమయంగా మాట్లాడుతున్నా, తూలుతున్నా వయసు మీద పడిందని సరిపెట్టుకోకుండా సోడియం పరీక్ష చేయించండి.

దాంపత్య జీవితంలో ఇబ్బంది అన్నది ఈ మందులకు చాలా మామూలుగా వచ్చే దుష్ఫలితం. కోరిక తగ్గడం, భావప్రాప్తి ఆలస్యం కావడం వంటివి మగవారిలోనూ ఆడవారిలోనూ ఉంటాయి. సిగ్గుతో డాక్టరుకు చెప్పలేక మందునే మానేసేవారు ఎక్కువ. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి చూపండి. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో, మరేదైనా మార్గమో వారి దగ్గర ఉంటుంది.

త్వరగా పనిచేసే మందు

అల్ప్రజోలమ్, క్లోనజెపామ్ వంటివి చెడ్డ మందులని నేను అనను. మొదటి మందు పనిచేయడానికి పట్టే ఆ కొన్ని వారాలు గడవడానికి, తీవ్రమైన పానిక్ అటాక్‌లను నిలువరించడానికి ఇవి ఎంతగానో ఉపకరిస్తాయి. అయితే చీటీ రాయించుకున్న రోజే, దీనిని ఎన్ని రోజులు వాడాలి, ఎప్పుడు తగ్గించడం మొదలుపెట్టాలి అని అడిగి, ఆ తేదీని చీటీ మీదనే రాయించుకోండి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు మించకుండా చూడాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. అంతకు మించితే శరీరం దానికి అలవాటు పడుతుంది, అదే మాత్ర సరిపోవడం లేదనిపించి మోతాదు పెరుగుతుంది.

పాత చీటీతో మళ్లీ మళ్లీ కొనవద్దు. తెలిసిన షాపువారైనా చీటీ లేకుండా ఇవ్వమని అడగవద్దు. అల్ప్రజోలమ్, డయాజెపామ్ వంటివి 2014 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చిన హెచ్1 షెడ్యూలులో, అంటే చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల ప్రభుత్వ జాబితాలో ఉన్నాయి. వీటి మీద ఎర్ర గీతల చట్రంలో హెచ్చరిక ఉంటుంది, అమ్మిన ప్రతిసారీ రోగి పేరు, డాక్టరు పేరు, ఎంత అమ్మారన్నది వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. షాపువారు చీటీ అడిగితే వారి మీద కోపగించుకోకండి, అది వారి విధి.

ఈ మాత్ర వేసుకున్న తొలి రోజుల్లో బండి నడపవద్దు. మద్యంతో గాని, కల్లుతో గాని, ట్రమడాల్ వంటి గట్టి నొప్పి మందులతో గాని కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం పోయే ప్రమాదం ఉంది. పెద్దవయసువారు రాత్రి బాత్రూముకు లేచినప్పుడు తూలి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం తరచుగా జరిగేదే, కాబట్టి వారికి ఈ మందు రాస్తే అవసరమా అని ఒకసారి అడగడం మంచిది. నిద్రపోయేటప్పుడు గురక, మధ్యలో ఊపిరి ఆగడం ఉన్నవారు ఆ విషయం ముందే చెప్పాలి.

ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నట్లయితే, ఇది చదివి భయపడి రేపటి నుంచి మానేయవద్దు. హఠాత్తుగా మానితే ఫిట్స్ రావచ్చు. మాత్రను కొద్ది కొద్దిగా, వారాల మీద, అవసరమైతే నెలల మీద తగ్గించే పథకం డాక్టరు వేసి ఇస్తారు.

మిగిలిన మందులు

వేదిక మీద మాట్లాడేటప్పుడో, ఇంటర్వ్యూలోనో మాత్రమే చేతులు వణికి గుండె దడదడలాడేవారికి ప్రోప్రనలాల్‌ను పని ఉన్న రోజున ముందుగా వేసుకోమని ఇస్తారు. ఇది శరీర లక్షణాలను తగ్గిస్తుంది, రోజంతా ఉండే ఆందోళనకు ఇది మందు కాదు. ఉబ్బసం ఉన్నవారు దీనిని వాడకూడదు, నాడి నెమ్మదిగా కొట్టుకునేవారు, షుగర్ మందులు వాడేవారు తప్పక చెప్పాలి, ఎందుకంటే షుగర్ పడిపోయినప్పుడు హెచ్చరికగా వచ్చే దడను ఇది కప్పిపుచ్చుతుంది. బస్పిరోన్ అలవాటు పడని మందు, కానీ దీనికీ వారాలు పడుతుంది. ప్రీగాబాలిన్‌ను కొన్ని దేశాల్లో ఆందోళనకు అనుమతించారు, తల తిరగడం, బరువు పెరగడం దీని ఇబ్బందులు, దీనినీ ఒక్కసారిగా మానకూడదు. హైడ్రాక్సిజిన్ అలెర్జీ మందుల కోవకు చెందినది, మగత ఎక్కువ.

కలపకూడనివి, ఉపవాసాలు, గర్భధారణ

నిదానంగా పనిచేసే మందులు వాడుతున్నవారు ట్రమడాల్, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు సిరప్ వాడే ముందు అడిగి తీరాలి. ఇవి కలిసినప్పుడు మెదడులో సంకేతాలను చేరవేసే సెరటోనిన్ అనే రసాయనం మితిమీరి జ్వరం, వణుకు, కండరాల బిగుతు, అయోమయం రావచ్చు, అది ఎమర్జెన్సీ. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్‌లతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది, మలం నల్లగా వస్తే ఆలస్యం చేయకండి. మామూలు ఒళ్లు నొప్పులకు పారాసెటమాల్ సురక్షితమైన ఎంపిక.

రంజాన్ ఉపవాసాలు పాటించేవారు నెల మొదలవకముందే డాక్టరును కలవండి. రోజుకు ఒకసారి వేసుకునే ఎసిటాలోప్రామ్ వంటి మందును ఇఫ్తార్ తరువాతి సమయానికి మార్చడం చాలామందికి సులభంగానే కుదురుతుంది, రెండు పూటల మందులను ఇఫ్తార్‌కు, సహర్‌కు సర్దుతారు. కార్తీక సోమవారాలకు, ఏకాదశికి మాత్ర మానేసే అలవాటు ఉన్నవారికి కూడా ఇదే మాట: సమయం మార్చుకోండి, మాత్రను మాత్రం వదలకండి.

గర్భం ధరించాలనుకుంటే ముందే చెప్పండి, గర్భం వచ్చిందని తెలిస్తే భయపడి మానేయకుండా వెంటనే సైకియాట్రిస్టునూ, గైనకాలజిస్టునూ కలవండి. పారోక్సెటిన్‌ను సాధారణంగా తొలి నెలల్లో వాడరు, ఇతర మందుల్లో చాలావాటిని లాభనష్టాలు బేరీజు వేసి కొనసాగిస్తారు.

మందు మానే దశ

పూర్తిగా బాగైన తరువాత కూడా కనీసం ఆరు నెలల నుంచి ఏడాది వరకు అదే మోతాదును కొనసాగించమని చెబుతారు. బాగయ్యాను కదా, ఇంకెందుకు అన్న ఆలోచన సహజమే, కానీ ముందే మానినవారిలో జబ్బు తిరిగి రావడం ఎక్కువగా కనిపిస్తుంది. ఈ కాలంలో ప్రవర్తనా చికిత్స, అంటే భయపడే సందర్భాలను క్రమక్రమంగా ఎదుర్కోవడం నేర్పే కౌన్సెలింగు కూడా తీసుకుంటే, మానిన తరువాత నిలదొక్కుకోవడం సులువవుతుంది. వీలున్నవారందరూ ఇది చేయాలని నా దృఢమైన అభిప్రాయం.

మానడానికి పరీక్షలు, పెళ్లి, ఇల్లు మారడం, కొత్త ఉద్యోగం వంటివి లేని సమయాన్ని ఎంచుకోండి. డాక్టరు చెప్పిన మోతాదుకు తగ్గించి కొన్ని వారాలు అక్కడే ఉండి, తరువాత మళ్లీ తగ్గించండి. మాత్రను సగం చేయాలంటే మధ్యలో గీత ఉన్నదీ లేనిదీ చూసుకోండి. గీత లేని వాటిని, దీర్ఘకాలం విడుదలయ్యే రకాన్ని విరవకూడదు, తక్కువ మిల్లీగ్రాముల మాత్రలనే రాయించుకోవాలి. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ మానేటప్పుడు మరింత నిదానం అవసరం.

తగ్గించిన తరువాత ఇబ్బంది వస్తే, అది మందు మానడం వల్ల వచ్చినదా, జబ్బు తిరిగి వచ్చిందా అన్నది తెలుసుకోవాలి. మానడం వల్ల వచ్చేది సాధారణంగా కొద్ది రోజుల్లోనే మొదలవుతుంది. తల తిరగడం, తలలో సన్నగా కరెంటు షాక్ కొట్టినట్లు అనిపించడం, చిరాకు, పీడకలలు ఉంటాయి, పాత మోతాదు వేసుకుంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. జబ్బు తిరిగి రావడం మాత్రం వారాలు, నెలల తరువాత, మెల్లగా, పాత భయాలతోనే వస్తుంది. మోతాదు తగ్గించిన ప్రతి తేదీనీ, ఇబ్బంది మొదలైన తేదీనీ ఆ నోటు పుస్తకంలోనే పక్కపక్కన రాసి డాక్టరుకు చూపించండి, తరువాత ఎంత తగ్గించాలో, ఆగాలో, మళ్లీ పెంచాలో వారు వాటిని చూసే నిర్ణయిస్తారు.